ఉమ్మితో చెరిగేది

కంభం రోడ్డులో ఆరడుగుల కొట్టు నాది.
అద్దాలు మారుస్తా, ఛార్జింగ్ పిన్నులు అతుకుతా,
నీళ్ళలో పడ్డవాటిని బియ్యంలో పూడ్చి
బతికేదీ లేనిదీ సాయంత్రం చెప్తా.
పదమూడేళ్ళుగా వీటి పొట్టలు కోస్తున్నా కాబట్టి
కంపెనీల మీద నాకో అభిప్రాయం ఉంది.
మీరు అడగలేదు. అయినా టీ వచ్చేదాకా వినండి.

కొరికిన పండు గుర్తు వాడు
అయిదు రేకుల మర బిగిస్తాడు.
దానికి సరిపడే స్క్రూడ్రైవర్ కోసం
ఒకప్పుడు నేను ఒంగోలు పోయొచ్చా.
సొమ్ము మీది, మూత మాత్రం వాడిది.
చౌక ఫోన్లవాడు ఇంకో రకం:
బ్యాటరీని బంకతో అంటిస్తాడు,
పీకబోతే బుగ్గలు పూరించి ఉరుముతుంది.
అంత చౌకగా ఊరికే ఇచ్చాడా?
టార్చిలైటు యాప్‌కి మా మేనత్త నంబరు ఎందుకో
ఇప్పటికీ నాకు అంతుపట్టదు.
అగ్గిపెట్టె ఎప్పుడైనా
మీ చుట్టాల పేర్లు అడిగి వెలిగిందా?

సరే, వాళ్ళట్టా చెయ్యకపోతే నా కొట్టుకు పనేది?
అదీ నిజమే.

నిన్న ఖాసింబీ వచ్చింది.
పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు
రంపం దిగిన రాయి అంచుల్ని
రాసి రాసి నునుపు చేసిన చెయ్యి.
చీటీ పాడి కొన్న ఫోను.
"వేలు పెడితే తెరుచుకుంటదన్నాడు అబ్బయా,
తెరుచుకోదే."
బొటనవేలు పెట్టించా. మళ్ళీ ప్రయత్నించండి, అంది.
పైట చెంగుతో తుడిచి పెట్టింది. మళ్ళీ, అంది.
చూపుడువేలు. ఎడమచెయ్యి.
పది వేళ్ళూ అయిపోయాయి.
సోల్డరింగ్ చేసే భూతద్దం కింద
ఆ వేలు పట్టుకుని చూశా.
గీతల్లేవు.
గుండ్లకమ్మ రాయిలాగా నున్నగా ఉంది.
ఏ బడిలో ఏ పిల్లకాయ పలకలో ఉన్నాయో
ఆ గీతలన్నీ.

"రేషన్ కాడా ఇదే తంతు," నవ్వింది.
"నన్ను నేను కాదంటాది మిషను."

నీ వేలే నీ తాళం అంటాడు ప్రకటనలో.
ఆ ప్రకటనలో వేళ్ళు చూశారా?
ఒక్కరోజు పనికి పోని వేళ్ళు.
తాళంచెవి పోతే కొత్తది చేయించుకోవచ్చు,
వేలు అరిగిపోతే ఏ కొట్టుకు తేవాలి?

నాలుగంకెలు పెట్టుకో అక్కా, అన్నా.
పుట్టిన ఏడాది వద్దన్నా. "తెలిస్తే కదా" అంది.
ఒకటీ రెండూ మూడూ నాలుగూ వద్దన్నా.
రేట్లు రాసే పలక ఉంది నా గోడకి, మన ఊరిదే.
అది దించి, బలపం అడిగి,
నాకు వీపు పెట్టి ఏదో రాసుకుంది.
పెదాలు కదిలాయి, కంఠతా పట్టింది.
ఆనక ఆ నున్నటి బొటనవేలు నాలిక్కి అద్దుకుని
ఒక్క తుడుపు.

డిలీట్ అంటే చెరపడం కాదండీ,
చాపకింద తోయడం.
అయిదొందలిస్తే నేనే బయటికి తీసిస్తా.
ఒకసారి తీయకూడనివి తీశా కూడా.
ఆ కథ వద్దు.
తాళం నా చేతిలో పెట్టి
సంతకెళ్ళి వస్తామంటారు జనం.
కంపెనీని నమ్మొద్దని చెప్పే నన్ను
ఏం చూసి నమ్ముతారో అడగాలనుంటుంది,
అడగను.

ఖాసింబీ పోయింది.
ఇరవై రూపాయల నోటు బల్లమీద ఉంది, వద్దన్నా.
పలక మళ్ళీ గోడకి తగిలిస్తూ
వెలుతురుకి ఏటవాలుగా వంచి చూశా.
దొంగబుద్ధి కాదు. అలవాటు.
కాదు, కొంచెం దొంగబుద్ధే.

తడి ఆరిపోతోంది.
గీత లేదు, అంకె లేదు, వేలిముద్ర కూడా లేదు.

టీ వచ్చింది.
ఇంకో అభిప్రాయం ఉండాలి, మరిచిపోయా.